పాదం నుంచి మెడ దాకా శోషరసం దారి

వైద్యశిక్షణలో గుండె, రక్తనాళాల తరువాత తొందరగా దాటిపోయే పాఠం శోషరస వ్యవస్థ. కృష్ణా డెల్టాలో బోదకాలు బాధితులకు ఉపశమనం ఇవ్వాలంటే వైద్యులు, నర్సులు, ఆశా కార్యకర్తలు ముందుగా పట్టు సాధించవలసింది ఆ పాఠం మీదే.

డెబ్బై కిలోల బరువున్న మనిషి శరీరంలో సుమారు 42 లీటర్ల నీరు ఉంటుందనీ, అందులో 28 లీటర్లు కణాల లోపల, 11 లీటర్లు కణాల మధ్య సందుల్లో, 3 లీటర్లు రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాలో ఉంటాయనీ శరీరధర్మశాస్త్రం చెబుతుంది. ఈ మూడు అరల మధ్య నీరు నిత్యం కదులుతూనే ఉంటుంది కాబట్టి, రక్తనాళం దాటి బయటికి వచ్చినది తిరిగి లోపలికి చేరకపోతే ఆ భాగం వాచిపోతుంది. అమృతలూరు, తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాలతో సహా కోస్తా ఆంధ్ర గ్రామాల్లో బోదకాలు అనే పేరుతో తరతరాలుగా మనుషులను వేధిస్తున్న వ్యాధి సారాంశంలో ఇదే: తిరుగుదారి మూసుకుపోవడం. ఆ దారి పేరు శోషరస వ్యవస్థ. ఆసుపత్రి వాడుకలో దానిని లింఫ్ వ్యవస్థ అంటారు.

కాలువ, డ్రెయిను

విజయవాడ దగ్గర 1852-55 మధ్య కట్టిన ఆనకట్ట స్థానంలో 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ కృష్ణా పశ్చిమ డెల్టాకు నీరు ఇస్తోందని అందరికీ తెలుసు. అయితే అమృతలూరు చుట్టుపక్కల రైతుకు పంటకాలువ ఎంత అవసరమో, పొలంలో మిగిలిన నీటిని సముద్రం వైపు తీసుకుపోయే రేపల్లె మెయిన్ డ్రెయిను వంటి మురుగు కాలువ కూడా అంతే అవసరం. డ్రెయిను పూడిపోయిన ఏడాది కాలువ నీరే చేనును ముంచుతుంది. శరీరంలో ధమనులు పంటకాలువల పని చేస్తే, లింఫ్ నాళాలు డ్రెయిన్ల పని చేస్తాయి. పోలిక ఒక్కచోట మాత్రం ఆగుతుంది: డ్రెయిను నీరు సముద్రంలో కలిసి పోతుంది, లింఫ్ మాత్రం తిరిగి రక్తంలోకే చేరుతుంది.

ద్రవం ఎందుకు బయటికి వస్తుంది

వెంట్రుక కన్నా సన్నని రక్తనాళాలను రక్తకేశనాళికలు అంటారు. వాటి గోడకు ఇరువైపులా రెండు బలాలు ఎదురెదురుగా పనిచేస్తాయని ఇంగ్లండుకు చెందిన ఎర్నెస్ట్ స్టార్లింగ్ 1896లో వివరించాడు: గుండె తోపుడు వల్ల కలిగే రక్తపీడనం నీటిని బయటికి నెడితే, ప్లాస్మాలోని ఆల్బుమిన్ వంటి ప్రోటీన్లు నీటిని లోపలికి లాగుతాయి. కేశనాళిక మొదట్లో పీడనం సుమారు 35 మిల్లీమీటర్ల పాదరసం ఉంటే, ప్రోటీన్ల లాగుడు సుమారు 25 మాత్రమే కాబట్టి ద్రవం బయటికి వచ్చి కణాలకు ఆక్సిజన్, పోషకాలు అందిస్తుంది. కేశనాళిక చివర పీడనం తగ్గిపోయి ద్రవంలో ఎక్కువ భాగం తిరిగి లోపలికి చేరుతుందని చాలాకాలం పాఠ్యపుస్తకాలు చెప్పాయి. ఇటీవలి పరిశోధనలు మాత్రం చాలా కణజాలాల్లో ఆ పీల్పు నిలకడగా సాగదనీ, తిరుగు భారం అనుకున్నదానికన్నా ఎక్కువగా లింఫ్ మీదే పడుతుందనీ చూపాయి. పెద్దవారిలో మెడ దగ్గర రక్తంలో కలిసే లింఫ్ రోజుకు రెండు నుంచి నాలుగు లీటర్లు ఉంటుంది.

నీటికన్నా ముఖ్యమైనది ప్రోటీను. కేశనాళికల గోడ నుంచి కొద్దికొద్దిగా జారిపోయే ప్రోటీన్లు అదే దారిన తిరిగి లోపలికి రాలేవు. వాటిని వెనక్కు చేర్చగలిగినవి లింఫ్ నాళాలు మాత్రమే, ఎందుకంటే వాటి మొదలు అతివ్యాప్తమైన కణాలతో ఏర్పడిన చిన్న తలుపుల్లా ఉండి, బయట ఒత్తిడి పెరిగినప్పుడు లోపలికి తెరుచుకుని, లోపల నిండగానే మూసుకుంటాయి. ప్లాస్మా ప్రోటీన్లలో నాలుగో వంతు నుంచి సగం దాకా ప్రతిరోజూ ఈ దారిన రక్తంలోకి చేరతాయి. ఈ పని పూర్తిగా ఆగిపోతే మనిషి ఒక రోజుకు మించి బతకడం కష్టమని శరీరధర్మశాస్త్ర గ్రంథాలు చెబుతాయి.

పాదం నుంచి మెడ దాకా

శవచ్ఛేదన శాలలో లింఫ్ నాళాలు కంటికి ఆనవు. పలుచగా, రంగు లేకుండా ఉండే వాటిని వెతకడం కష్టం కాబట్టి గుంటూరు వైద్య కళాశాల మొదలైన 1946 నుంచి నేటి దాకా ప్రతి తరం విద్యార్థీ వాటిని ప్రధానంగా బొమ్మల్లోనే నేర్చుకోవలసి వచ్చింది. అందుకే దారిని అంచెలంచెలుగా మనసులో నిలుపుకోవడం అవసరం.

పాదం పైభాగం, కాలి లోపలి వైపు చర్మం నుంచి వచ్చే లింఫ్ పెద్ద సఫీనస్ సిర వెంట పైకి నడిచి గజ్జల్లోని పైపొర లింఫ్ గ్రంథులకు చేరుతుంది; మడమ, పాదం బయటి అంచు నుంచి వచ్చేది చిన్న సఫీనస్ సిర వెంట మోకాలి వెనుక ఉన్న గ్రంథులకు చేరి, ఆ తరువాత లోతైన నాళాల ద్వారా గజ్జలకు వస్తుంది. జనం "గజ్జల్లో బిళ్ల కట్టింది" అనేది ఈ గ్రంథులు వాచినప్పుడే. అక్కడి నుంచి లింఫ్ కటి, నడుము గ్రంథులను దాటి, మొదటి, రెండో నడుము వెన్నుపూసల ముందు ఉండే సిస్టెర్నా కైలీ అనే సంచిలో చేరుతుంది. పేగుల నుంచి కొవ్వును మోసుకొచ్చే తెల్లని లింఫ్ కూడా ఇక్కడే కలుస్తుంది. ఈ సంచి నుంచి బయలుదేరే థొరాసిక్ డక్ట్ అనే ప్రధాన నాళం సుమారు 40 సెంటీమీటర్లు సాగి, మహాధమనితో పాటు విభాజక పటలం అనే డయాఫ్రమ్‌ను దాటి, ఛాతీలో అయిదో వెన్నుపూస ఎత్తున ఎడమ వైపుకు మళ్లి, మెడ మొదట్లో ఎడమ వైపు రెండు పెద్ద సిరలు కలిసే మూలలో రక్తంలోకి తెరుచుకుంటుంది. తల, మెడ, ఛాతీలో కుడి సగం, కుడి చేయి మాత్రం కుడి వైపు ఉన్న చిన్న నాళంలో కలుస్తాయి. మిగిలిన శరీరమంతటికీ దారి ఎడమ వైపే.

పురుషుల్లో ఒక తేడా మరువరాదు: వృషణాల సంచి చర్మం నుంచి లింఫ్ గజ్జలకు వస్తే, వృషణాల లింఫ్ మాత్రం పొట్టలో మహాధమని పక్కనున్న గ్రంథులకు చేరుతుంది. పిండదశలో వృషణాలు నడుము దగ్గర పుట్టి కిందికి దిగడమే దీనికి కారణం. ఈ ఒక్క విషయం తెలిసిన విద్యార్థికి వృషణంలోని గడ్డ గజ్జల్లో ఎందుకు పాకదో వెంటనే అర్థమవుతుంది.

లింఫ్‌కు గుండె లేదు. ప్రతి కొన్ని మిల్లీమీటర్లకు ఒక కవాటం ఉండి, రెండు కవాటాల మధ్య ఉన్న ముక్క తనకు తాను సంకోచించడం, పిక్క కండరాలు బిగుసుకోవడం, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పీడనం తగ్గడం, ఈ మూడూ కలిసి లింఫ్‌ను పైకి నెడతాయి. నడక ఆగితే పిక్కల సాయం ఆగిపోతుంది. కవాటం చెడితే అన్నీ వృథా.

నాళంలో కాపురం పెట్టే పురుగు

వూచరేరియా బ్యాంక్రాఫ్టీ అనే దారంలాంటి పురుగు కవాటాలున్న ఆ నాళాల్లోనే చేరుతుంది. ఆడ పురుగు పొడవు 8 నుంచి 10 సెంటీమీటర్లు, మగది సుమారు 4 సెంటీమీటర్లు. అవి నాళంలో ఆరు నుంచి ఎనిమిదేళ్లు బతికి లక్షల సంఖ్యలో మైక్రోఫైలేరియాలు అనే సూక్ష్మ పిల్లలను రక్తంలోకి వదులుతాయి. ఆ పిల్లలు మన ప్రాంతంలో రాత్రి 10 నుంచి 2 గంటల మధ్య చర్మం దగ్గరి రక్తంలో ఎక్కువగా కనిపిస్తాయి కాబట్టి ఫైలేరియా సిబ్బంది రాత్రిపూట ఇళ్లకు వచ్చి వేలికొన రక్తం తీస్తారు. రాత్రి కుట్టే క్యూలెక్స్ దోమ, మురుగు నీటిలో గుడ్లు పెట్టే ఆ దోమే, వాటిని మోస్తుంది. దోమకు ఈ పాత్ర ఉందని పాట్రిక్ మాన్సన్ 1877లో చైనాలో గుర్తించాడు.

పురుగులు ఉన్నచోట నాళం వెడల్పవుతుంది, కవాటాలు మూసుకోవు, ప్రోటీను నిండిన ద్రవం కాలిలో నిలుస్తుంది. అంతటితో ఆగితే వాపు మెత్తగా ఉండి రాత్రి పడుకున్న తరువాత తగ్గుతుంది. నిలిచిన లింఫ్ ఉన్నచోట చర్మం రోగనిరోధక రక్షణను కోల్పోవడంతో, వేళ్ల సందుల్లో చెమ్మ వల్ల వచ్చే పగుళ్ల గుండా బ్యాక్టీరియా ప్రవేశించి వణుకుతో కూడిన జ్వరం, కాలంతా ఎర్రబడడం, బిళ్ల కట్టడం మొదలవుతాయి. ప్రతి జ్వరం తరువాత కొంత మచ్చ మిగిలి, ఆ మచ్చలే చర్మాన్ని మందంగా, గరుకుగా, ఏనుగు కాలులా చేస్తాయి. వృషణాల వద్ద ద్రవం చేరితే అది వరిబీజం. పేగుల లింఫ్ మూత్రనాళంలోకి దారి చేసుకుంటే మూత్రం పాలలా తెల్లగా వస్తుంది. ఈ మూడు వేర్వేరు రూపాలకూ మూలం ఒకే దారిలో వేర్వేరు చోట్ల ఏర్పడిన అడ్డంకి.

భీమవరం బిడ్డ ఇచ్చిన మాత్ర

ఈ పురుగు పిల్లలను చంపే డైఇథైల్‌కార్బమజైన్ (డీఈసీ) అనే మందు, హెట్రజాన్ అనే పేరుతో, 1947లో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాల నుంచి వెలువడింది. ఆ పరిశోధనలకు సారథ్యం వహించిన యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అమెరికా వెళ్లే ముందు మద్రాసులోని ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధించారు. కణానికి శక్తినిచ్చే ఏటీపీ మీద ఆయన చేసిన కృషి శరీరధర్మ శాస్త్రంలో భాగమైంది. హెట్రజాన్ వెలువడిన మరుసటి ఏడాది 1948 ఆగస్టులో ఆయన కన్నుమూశారు.

భారత ప్రభుత్వం 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమాన్ని, 2004లో వ్యాధి ఉన్న జిల్లాల్లో ప్రతి ఏటా అందరికీ డీఈసీ, తరువాత దానితో పాటు ఆల్బెండజోల్ మాత్రలు మింగించే కార్యక్రమాన్ని ప్రారంభించింది. వ్యాధిని తుడిచిపెట్టడానికి 2027ను గడువుగా పెట్టుకుంది. గర్భిణులకు, రెండేళ్ల లోపు పిల్లలకు, తీవ్ర అనారోగ్యం ఉన్నవారికి ఈ మాత్రలు ఇవ్వరు. మాత్ర పెద్ద పురుగును పూర్తిగా చంపలేదు, పిల్లలను తుడిచిపెడుతుంది. అందుకే ఏటా వేయాలి. వేసుకున్న తరువాత కొందరికి వచ్చే జ్వరం, తలనొప్పి చనిపోతున్న పురుగు పిల్లలకు శరీరం చూపే స్పందన అని ఆశా కార్యకర్త ఆ ఇంట్లో వివరించగలిగితే, మరుసటి ఏడాది ఆ ఇల్లు మాత్రలను తిరస్కరించదు.

కడగడమూ చికిత్సే

ఇప్పటికే వాచిన కాలిని డీఈసీ చిన్నది చేయలేదు. కానీ లింఫ్ శాస్త్రం తెలిసిన చేతులు దానిని కాపాడగలవు. రోజూ సబ్బుతో, మామూలు నీటితో కడిగి, వేళ్ల సందులతో సహా మెత్తని గుడ్డతో తుడవడం బ్యాక్టీరియా ప్రవేశాన్ని ఆపుతుంది. పడుకున్నప్పుడు కాలిని ఎత్తుగా పెట్టడం గురుత్వాకర్షణను సాయంగా తీసుకుంటుంది. చీలమండను పదేపదే ఆడించడం పిక్క కండరాలకు పని చెబుతుంది. చెప్పులు గాయాలను తప్పిస్తాయి. జ్వరం వచ్చి కాలు ఎర్రబడినప్పుడు విశ్రాంతి, వైద్యుడు సూచించిన యాంటీబయోటిక్ కావాలి. డీఈసీ ఆ సమయంలో వేయరాదు. వరిబీజానికి శస్త్రచికిత్స ఉంది, అది చేయించుకుంటే మనిషి పనిలోకి తిరిగి వస్తాడు. నాట్లకు, కలుపుకు బురదలో దిగవలసిన మహిళలకు ఈ నియమాలు పాటించడం ఎంత కష్టమో తెలిసిన శిక్షణార్థి, పొలం నుంచి రాగానే కాలు కడిగి ఆరబెట్టే ఒక్క అలవాటుతో మొదలుపెట్టిస్తాడు.

శిక్షణార్థులకు

2019 నుంచి అమలవుతున్న వైద్యవిద్యా ప్రణాళిక మొదటి ఏడాదిలోనే విద్యార్థిని రోగి దగ్గరికి తీసుకువెళ్లాలని కోరుతోంది. డెల్టా జిల్లాల్లో ఆ మొదటి పరిచయానికి బోదకాలు కన్నా ఎక్కువ చెప్పగలిగిన వ్యాధి మరొకటి కనిపించదు. ఒక్క కాలిలో శరీరనిర్మాణం, పీడనాల లెక్క, పరాన్నజీవి, చర్మం, సామాజిక అవమానం అన్నీ ఒకే పాఠంగా కనిపిస్తాయి. వాచిన పాదంతో ఎవరు వచ్చినా శిక్షణార్థి ముందు గజ్జను తడమాలి, వేళ్ల సందులు విప్పి చూడాలి, కడిగి ఆరబెట్టే పద్ధతిని తన చేతులతో చేసి చూపాలి. మందుచీటీ ఆ తరువాతే రాయాలి.