ఛాతీలో నీరు టీబీ మందులకు తగ్గకపోతే... పాత పని గురించి డాక్టర్‌కు చెప్పండి

ఛాతీలో నీరు చేరిందని డాక్టర్ చెప్పగానే జగ్గయ్యపేటలోనైనా నందిగామలోనైనా ఇంట్లోవాళ్లకు మొదట తట్టేది టీబీ. అందులో తప్పేం లేదు. మన దేశంలో ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరడానికి పెద్ద కారణాల్లో టీబీ ఒకటి. ఆరు నెలల మందులతో నయమయ్యే జబ్బు, మందులు సర్కారు ఆస్పత్రిలో ఉచితం. ఇబ్బంది ఎక్కడంటే, మందులు మింగుతున్నా నీరు మళ్లీ మళ్లీ చేరుతుంటే, మనిషి చిక్కిపోతుంటే, "టీబీయే కదా, కోర్సు పూర్తి కానీయండి" అని నెలలు గడిపేయడంలో ఉంది. అలాంటి వాళ్లలో కొద్దిమందికి ఉన్నది టీబీ కాదు, మెసోథెలియోమా అనే క్యాన్సర్.

ఇది అరుదైన జబ్బు. ప్రపంచం మొత్తమ్మీద ఏడాదికి దాదాపు 30 వేల కొత్త కేసులు. అరుదు కాబట్టే డాక్టర్‌కు కూడా వెంటనే గుర్తుకు రాదు. గుర్తుకు తెచ్చే విషయం ఒకటుంది. రోగి పాతికేళ్ల కిందట, నలభై ఏళ్ల కిందట ఏ పని చేశాడన్నది. ఓపీలో రెండు నిమిషాల్లో ఆ ప్రశ్న ఎవరూ అడగరు. కాబట్టి చెప్పాల్సింది ఇంట్లోవాళ్లే.

అసలు ఏమిటీ జబ్బు?

పల్లీ గింజ మీద పొట్టు ఉన్నట్టే ఊపిరితిత్తి మీద ఒక పల్చటి పొర ఉంటుంది. ఛాతీ గోడకు లోపలివైపు అలాంటిదే ఇంకో పొర. రెండింటి మధ్య కాస్త తడి. ఈ పొరల్ని ప్లూరా అంటారు. మెసోథెలియోమా ఎక్కువగా ఈ పొరలోనే పుడుతుంది, కొందరికి కడుపులోని పొరలో కూడా వస్తుంది. మామూలు ఊపిరితిత్తుల క్యాన్సర్ వేరు, ఇది వేరు. బీడీ, సిగరెట్ల వల్ల ఇది రాదు. దీనికి ప్రధాన కారణం ఆస్బెస్టాస్, అంటే రాతినార.

రాతినార నేలలో దొరికే ఖనిజం. పత్తిలా పోగులు పోగులుగా విడిపోతుంది, నిప్పులో కాలదు, త్వరగా అరగదు. చౌక కూడా. అందుకే రేకుల నుంచి బాయిలర్ల దాకా అన్నిట్లో వాడారు. ఆ పోగు ఊపిరితో లోపలికి వెళ్తే శరీరం దాన్ని కరిగించలేదు. ప్లూరా దాకా చేరి అక్కడే ఏళ్ల తరబడి గుచ్చుకుంటూ ఉంటుంది. జబ్బు బయటపడడానికి సాధారణంగా 20 నుంచి 50 ఏళ్లు పడుతుంది. ఇరవై రెండేళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో చేసిన మనిషికి అరవై దాటాక ఆయాసం మొదలైతే, ఆ రెండింటికీ సంబంధం ఉందని ఎవరికి తోస్తుంది?

మన రేకుల్లో వాడేది తెల్ల ఆస్బెస్టాస్. నీలం, గోధుమ రంగు రకాలే ప్రమాదం, తెల్లది ఫర్వాలేదని పరిశ్రమ వాళ్లు చాలాకాలంగా వాదిస్తున్నారు. నీలం, గోధుమ రకాలు ఇంకా ఎక్కువ ప్రమాదమన్న మాట నిజమే. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఆస్బెస్టాస్ రకాలన్నిటినీ మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలోనే పెట్టింది. బ్రిటన్ 1999లో తెల్లదాన్ని కూడా నిషేధించింది. అమెరికా 2024లో ఆ పని చేసింది. మన దగ్గర కడప జిల్లా పులివెందుల వైపు రాతినార గనులు ఉండేవి. 1986 నుంచి కేంద్రం కొత్త లీజులు, 1993 నుంచి పాత లీజుల రెన్యువల్ ఆపేసింది. గని ఆగింది గానీ వాడకం ఆగలేదు. ముడిసరుకు విదేశాల నుంచి, ముఖ్యంగా రష్యా నుంచి వస్తూనే ఉంది.

ఇక్కడివాళ్లకు ఎక్కడ తగులుతుంది?

ముందు ఒక అపోహ పక్కన పెట్టాలి. జగ్గయ్యపేట చుట్టుపక్కల సిమెంట్ ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి, ఆ దుమ్ము అందరికీ తెలిసిందే. కానీ మామూలు సిమెంట్‌లో ఆస్బెస్టాస్ ఉండదు. సిమెంట్ దుమ్ము, క్రషర్ల దగ్గర రాతి పొడి వేరే జబ్బులు తెస్తాయి. రాతి పొడి వల్ల వచ్చే సిలికోసిస్ అలాంటిదే. అది తేలిగ్గా తీసుకునేది కాదు, కాకపోతే ఈ క్యాన్సర్ కాదు. ఆస్బెస్టాస్ ఉండేది సిమెంట్ రేకుల్లో. రేకు బరువులో పదో వంతుకు అటూఇటూగా రాతినార కలుపుతారు. హైదరాబాద్ సనత్‌నగర్‌లో 1940ల నుంచే ఈ రేకుల తయారీ ఉంది. చార్మినార్ రేకులంటే తెలియని ఊరు ఉండదు. సంచుల్లోంచి నార విప్పడం, కలపడం, రేకులు కోయడం చేసిన కార్మికులకు ఎక్కువ ముప్పు.

ఫ్యాక్టరీ గేటు ఎప్పుడూ చూడని వాళ్లకు కూడా కొన్ని పనుల్లో ఇది తగులుతుంది. కట్టర్‌తో రేకులు కోసి షెడ్లు వేసే మేస్త్రీలు. పాత ఇళ్లు, గోడౌన్లు విప్పి సామాను కొనేవాళ్లు. పాత బాయిలర్లకు, ఆవిరి పైపులకు చుట్టిన పూత గీకిన ఫిట్టర్లు, వెల్డర్లు. ఆస్బెస్టాస్ తాడు, గ్యాస్కెట్లు కోసినవాళ్లు. మన కుటుంబాల నుంచి గల్ఫ్ వెళ్లి రిఫైనరీల్లో, ఓడల రిపేరు యార్డుల్లో ఇన్సులేషన్ పని చేసి వచ్చినవాళ్లు కూడా ఈ లెక్కలోకే వస్తారు.

లారీ మెకానిక్కుల సంగతి కొంచెం విడిగా చెప్పాలి. విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకుని హైవే పక్కన షెడ్డు పెట్టుకున్నవాళ్లు ఈ దారిలో ఎందరో. ఒకప్పటి బ్రేక్ లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది. లైనర్ మార్చేటప్పుడు డ్రమ్ములో పేరుకున్న దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదేయడం అలవాటు. బ్రేక్ పని ఒక్కటే చేసినవాళ్లకు ఈ క్యాన్సర్ ముప్పు ఎంత పెరుగుతుందన్న దానిపై పరిశోధకుల మధ్య వాదన ఉంది. దుమ్ములో నార ఉండేదన్న దాని మీద మాత్రం వాదన లేదు. తడిగుడ్డతో తుడిస్తే పోయేదానికి గాలి కొట్టడం ఎందుకు?

ఆడవాళ్లకు దీంతో ఏం సంబంధం అనుకోవద్దు. దక్షిణాఫ్రికాలో 1960లో వాగ్నర్ అనే డాక్టర్, ఆయన సహచరులు 33 మంది రోగుల వివరాలు ప్రచురించాకే ఆస్బెస్టాస్‌కూ ఈ క్యాన్సర్‌కూ ఉన్న లింకు లోకానికి గట్టిగా తెలిసింది. వాళ్లలో చాలామంది గనిలో పని చేసినవాళ్లు కాదు, గనుల దగ్గర బతికినవాళ్లు. 1965లో లండన్‌లో జరిగిన పరిశోధనలో ఇంకో సంగతి బయటపడింది. కొందరు రోగులు ఫ్యాక్టరీలోకి అడుగే పెట్టలేదు. ఇంట్లో ఆస్బెస్టాస్ కార్మికుడు ఉన్నాడు, అతని దుమ్ము బట్టలు ఉతికారు, అంతే. కాబట్టి రోగి అమ్మీ అయితే, అబ్బా ఏం పని చేసేవాడన్నది కూడా డాక్టర్‌కు చెప్పాలి.

నిర్ధారణ ఎలా జరుగుతుంది?

లక్షణాలు చూస్తే ప్రత్యేకంగా ఏమీ కనపడవు. మెట్లెక్కితే ఆయాసం, ఒకవైపు ఛాతీలో మొండి నొప్పి, బరువు తగ్గడం, నీరసం, కొందరికి పొడి దగ్గు. ఎక్స్‌రేలో ఒకవైపు నీరు. సూదితో తీసి పరీక్షకు పంపుతారు. అసలు చిక్కు ఇక్కడే. టీబీ నీరు, ఈ నీరు మామూలు పరీక్షల్లో ఒకేలా కనపడొచ్చు. టీబీకి చూసే ఏడీఏ అనే పరీక్షలో అంకె మెసోథెలియోమాలోనూ అప్పుడప్పుడు పెరుగుతుంది. నీటిలో క్యాన్సర్ కణాలు వెతికితే సుమారు మూడింట ఒక వంతు మందిలోనే దొరుకుతాయి. "నీటి రిపోర్టులో క్యాన్సర్ లేదన్నారు" అంటే క్యాన్సర్ లేదని కాదు.

టీబీ అయితే మందులు మొదలుపెట్టిన కొద్ది వారాల్లోనే జ్వరం తగ్గాలి, ఆకలి రావాలి, రెండు మూడు నెలల్లో నీరు తగ్గుముఖం పట్టాలి. అలా జరగకపోతే మందులు సొంతంగా ఆపేయకూడదు. అది ఇంకా ప్రమాదం. డాక్టర్‌ని సూటిగా అడగాలి: "సీటీ స్కాన్ తీయించాలా? ప్లూరా బయాప్సీ చేయించాలా?"

సీటీలో పొర గడ్డలు గడ్డలుగా మందం కావడం, ఊపిరితిత్తిని చుట్టూ పట్టేసినట్టు ఉండడం కనపడితే అనుమానం బలపడుతుంది. తేల్చేది బయాప్సీయే. పక్కటెముకల మధ్య చిన్న గాటు పెట్టి, కెమెరా గొట్టం పంపి, పొరను కళ్లతో చూసి ముక్క తీస్తారు. దీన్నే థొరకోస్కోపీ అంటారు. ఇలా తీసిన ముక్కతో పది మందిలో తొమ్మిది మందికి పైగా జబ్బు తేలుతుంది. ఆ ముక్కకు ఐహెచ్‌సీ అనే పరీక్ష కూడా జరగాలి. కాల్‌రెటినిన్, డబ్ల్యూటీ-1 లాంటి పేర్లు రిపోర్టులో ఉన్నాయేమో చూసుకోవచ్చు. ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్లూరాకు పాకిందా, ఇది మెసోథెలియోమానా అని విడదీసేది ఈ పరీక్షే. రెండింటికీ మందులు వేరు.

"ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుంది" అన్న భయం మన ఇళ్లలో గట్టిగా ఉంది. ఈ జబ్బులో సూది వెళ్లిన దారిలో చిన్న గడ్డ రావడం అప్పుడప్పుడు జరిగే మాట నిజమే. వస్తే దానికీ చికిత్స ఉంది. జబ్బు పేరు తెలియకుండా ఆరు నెలలు పోవడం వల్ల జరిగే నష్టం మాత్రం దానికన్నా చాలా పెద్దది.

థొరకోస్కోపీ అన్నిచోట్లా ఉండదు. విజయవాడ ప్రభుత్వ ఆస్పత్రి, మంగళగిరి ఎయిమ్స్, హైదరాబాద్‌లో నిమ్స్, ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రి లాంటి చోట్ల ఊపిరితిత్తుల విభాగంలో ముందుగా కనుక్కుని వెళ్తే చార్జీలు, తిప్పట మిగులుతాయి.

చికిత్స: ఎంతవరకు ఆశ పెట్టుకోవచ్చు?

ఈ క్యాన్సర్ పూర్తిగా నయమవుతుందని ఎవరైనా మాట ఇస్తే ఆ మనిషిని నమ్మకండి. ఆయుష్షు పెంచే, ఆయాసం, నొప్పి తగ్గించే చికిత్సలు మాత్రం ఉన్నాయి. కణాల రకాన్ని బట్టి ఫలితం మారుతుంది. ఎపిథీలియాయిడ్ రకం కాస్త నెమ్మది, సార్కోమటాయిడ్ రకం మొండిది.

పెమెట్రెక్సెడ్, సిస్‌ప్లాటిన్ కలిపి ఇచ్చే కీమో 2003 నుంచి వాడుకలో ఉంది. అప్పటి ప్రయోగంలో ఒక్క సిస్‌ప్లాటిన్‌తో మధ్యస్థ ఆయుష్షు 9 నెలలు, రెండూ కలిపితే 12 నెలలు. ఈ కీమోతో పాటు ఫోలిక్ యాసిడ్ మాత్రలు, బీ12 ఇంజెక్షన్ తప్పనిసరి. అవి చిన్న మాత్రలని మానేయొద్దు. సిస్‌ప్లాటిన్ కిడ్నీల మీద పడుతుంది కాబట్టి నీళ్లు బాగా తాగాలి. రంజాన్‌లో కీమో వస్తే రోజా విషయం డాక్టర్‌తో ముందే మాట్లాడాలి. రోగికి మినహాయింపు ఉందన్న సంగతి పెద్దలకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. అయినా దాచిపెట్టి రోజా ఉండే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు.

నివోలుమాబ్, ఇపిలిముమాబ్ అనే ఇమ్యూనోథెరపీ జంటకు అమెరికా 2020లో అనుమతి ఇచ్చింది. మధ్యస్థ ఆయుష్షు కీమోతో 14 నెలలైతే దీంతో 18 నెలలు. సార్కోమటాయిడ్ రకంలో మేలు ఇంకా స్పష్టం. ఖర్చు లక్షల్లోకి వెళ్తుంది.

ఇల్లు తాకట్టు పెట్టి పెద్ద ఆపరేషన్‌కు వెళ్లే ముందు ఒక సంగతి తెలిసి ఉండాలి. ప్లూరాను ఒలిచి తీసే ఆపరేషన్ మీద బ్రిటన్‌లో జరిగిన మార్స్-2 అనే ప్రయోగం ఫలితాలు 2024లో వచ్చాయి. కీమో ఒక్కటే తీసుకున్నవాళ్ల కన్నా ఆపరేషన్ కూడా చేయించుకున్నవాళ్లు ఎక్కువ కాలం బతకలేదు, ఇబ్బందులు మాత్రం ఎక్కువ పడ్డారు. కొద్దిమందికి ఆపరేషన్ మంచిదని డాక్టర్ అనొచ్చు. అప్పుడు ఇంకో క్యాన్సర్ ఆస్పత్రిలో రెండో మాట తీసుకోవడం అవమానమేం కాదు.

ఏ దశలోనైనా పనికొచ్చేవి ఇంకొన్ని ఉన్నాయి. నీరు మళ్లీ చేరకుండా మందు పొడి వేసి పొరల్ని అతికించడం, లేదా ఇంటి దగ్గరే నీరు తీసుకునేలా సన్న గొట్టం అమర్చడం. నొప్పి ఉన్నచోట రేడియేషన్. మార్ఫిన్ అంటే అలవాటు పడతారని భయపడి మనిషిని నొప్పితో ఉంచడం అన్యాయం. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో నొప్పి నివారణకే ప్రత్యేక విభాగం ఉంది.

కార్డు ఉన్న కుటుంబాలు ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే పాత ఆరోగ్యశ్రీ, ఏ ఆస్పత్రిలో ఏ మందుకు వర్తిస్తుందో అడ్మిషన్‌కు ముందే ఆరోగ్యమిత్రను అడగాలి.

పాత కాగితాలు పారేయకండి

1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ఆస్బెస్టాస్ వల్ల వచ్చే మెసోథెలియోమాను వృత్తి జబ్బుల జాబితాలో పెట్టింది. అయితే ఆ చట్టం చూసింది పని మానేసిన రెండేళ్లలోపు బయటపడే లక్షణాలనే. జబ్బేమో ముప్పై ఏళ్లకు వస్తుంది. ఈ లెక్క కుదరదని చట్టం రాసినవాళ్లకు తట్టకపోవడం విచిత్రమే. తగిన కారణం చూపితే ఆలస్యమైన అర్జీని కూడా కమిషనర్ తీసుకునే వీలు ఆ చట్టంలోనే ఉంది. ఇప్పుడు దాని స్థానంలో 2020 సామాజిక భద్రత కోడ్ వచ్చింది కాబట్టి గడువు సంగతి లేబర్ ఆఫీసులో కనుక్కోవాలి.

సుప్రీంకోర్టు 1995 జనవరి 27న ఇచ్చిన తీర్పు ఇంకా ముఖ్యం. ఆస్బెస్టాస్ ఫ్యాక్టరీలు ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానేసిన 15 ఏళ్ల దాకా, ఏది ఆలస్యమైతే అప్పటివరకు, దాచాలని అందులో ఉంది. పాత కార్మికుడు ఆ రికార్డు రాతపూర్వకంగా అడగొచ్చు. దాంతో పాటు ఈఎస్ఐ కార్డు, పీఎఫ్ నంబరు, పే స్లిప్, గల్ఫ్ వెళ్లినవాళ్లయితే పాత పాస్‌పోర్టు, కంపెనీ ఐడీ, కాంట్రాక్టర్ ఇచ్చిన చీటీ, ఏదైనా సాక్ష్యమే. ఒక కాగితం మీద ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, ఎక్కడ, ఏ పని అని రాసి ఆస్పత్రి ఫైల్లో పెట్టాలి. డిశ్చార్జ్ సమ్మరీలో ఆ పని వివరం ఎక్కించమని అడగాలి. తర్వాత కుటుంబానికి అక్కరకొచ్చేది ఆ ఒక్క వాక్యమే.

ఇంటి మీద రేకులుంటే భయపడి ఈ రాత్రికే విప్పించక్కర్లేదు. పగలని, పొడి రాలని రేకు నుంచి పోగులు పెద్దగా రావు. కోయడం, డ్రిల్ వేయడం, విరగ్గొట్టడం, పొడిగా ఊడ్వడం, వీటితోనే ముప్పు. విప్పక తప్పకపోతే నీళ్లతో బాగా తడిపి, మేకులు తీసి, పగలకుండా కిందికి దించాలి. ముక్కుకు కట్టుకున్న రుమాలు ఈ పోగుల్ని ఆపదు, ఎన్95 మాస్క్ కూడా చాలదు, పీ100 ఫిల్టర్ ఉన్న మాస్క్ ఉండాలి. ఆ రోజు వేసుకున్న బట్టల్ని ఇంట్లో దులపకుండా తడిపి విడిగా ఉతకాలి. విరిగిన ముక్కల్ని పొయ్యి చుట్టూ పేర్చడం, పిల్లలు ఆడుకునే చోట పరచడం మాత్రం వద్దు.