గేరుబాక్సులోని ఎఱ్ఱనూనె

మన దారులలో తిరుగు లారీలలో పెక్కింటియందు డ్రైవరు కాలితో క్లచ్చి నొక్కి, చేతితో గేరు మార్చును. అమెరికా దేశమున విరివిగా వాడబడు పికప్ ట్రక్కులలో ఈ శ్రమ లేదు. ఎత్తు వచ్చినను పల్లము వచ్చినను తగిన గేరు తనంత తానే పడును. ఇట్టి యేర్పాటును ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ అందురు. 1939లో జనరల్ మోటార్సు సంస్థ ఓల్డ్స్‌మొబైల్ కార్లకై హైడ్రామాటిక్ అను పేర దీనిని ప్రవేశపెట్టెను. క్రమముగా ఇది ట్రక్కులలోనికిని వచ్చెను.

ఇందలి ముఖ్యమైన పని యంతయు నూనెయే చేయును. ఎదురెదురుగా రెండు పంకాలనుంచి ఒకదానిని త్రిప్పినచో, దాని గాలికి రెండవదియు తిరుగును. టార్కు కన్వర్టరు అను భాగమున జరుగునదియు ఇట్టిదే; అచట గాలికి మారుగా నూనె యుండును. ఇంజను త్రిప్పు రెక్కలు నూనెను విసరగా, ఎదుటి రెక్కలు తిరిగి శక్తిని చక్రముల వైపునకు పంపును. ఒక పంపు ఆ నూనెనే ఒత్తిడితో నెట్టి, గేరు మార్చు క్లచ్చి పలకలను బిగించును. ఇదిగాక నూనె భాగములను అరుగనీయదు. వేడిమిని గ్రహించి వెలుపలికి చేర్చును.

కావున నూనె తగ్గినచో అపాయము. అప్పుడు పంపు నూనెతోపాటు గాలిని పీల్చును. గాలి అణగిపోవు గుణము కలది గనుక ఒత్తిడి తగ్గును. పలకలు జారి, వేడెక్కి, మాడిపోవును. అట్లని నూనె అధికముగా పోయుటయు క్షేమము కాదు. తిరుగు భాగములు దానిని చిలుకగా నురుగు పుట్టును. నురుగులో నున్నదియు గాలియే! లోటు వలనను, అతి వలనను కలుగు కీడు ఒక్కటియే.

నూనెమట్టమును చూచుటకు డిప్‌స్టిక్కు అను కొలకడ్డీ యుండును. బండిని కొంతదూరము నడిపి నూనెను వేడెక్కనిచ్చి, చదునైన నేలపై నిలుపవలెను. పార్కింగు బ్రేకు వేసి, కాలిబ్రేకును నొక్కిపట్టి, గేరుకడ్డీని అన్ని స్థానములకును మెల్లగా త్రిప్పి, పార్కు స్థానమునకు తేవలెను. పెక్కు ట్రక్కులలో ఇంజను నడచుచుండగనే కొలత చూడవలెను. ఆపినచో పైభాగములలోని నూనె క్రిందికి దిగి, మట్టము హెచ్చినట్లు తోచును. ఇంజను పంకాకు వస్త్రములు తగులకుండ జాగ్రత్త వహింపవలెను. కడ్డీని తీసి, పీచులేని శుభ్రమైన గుడ్డతో తుడిచి, పూర్తిగా దింపి, మరల తీసి చూడవలెను. వేడినూనెకై గీసిన రెండు గుర్తుల నడుమ తడి యున్నచో చాలును.

అప్పుడే నూనె రంగును, వాసనను గమనింపవలెను. మంచి నూనె సాధారణముగా ఎఱ్ఱగా, తేటగా నుండును. నల్లబడి మాడిన వాసన వచ్చినచో పలకలు కాలినవని శంకింపవలెను. పాలు కలిసినట్లున్నచో నీరు చేరినదని యర్థము. ఇట్టియెడ క్రొత్త నూనె కలిపి ప్రయోజనము లేదు, మెకానికుకు చూపవలెను.

మట్టము తగ్గినచో డిప్‌స్టిక్కు గొట్టమున సన్నని గరాటునుంచి, పావు లీటరునకు మించకుండ పోసి, మరల కొలువవలెను. పోయుట సులభము, ఎక్కువైనదానిని తీయుట కష్టము.

ఏ నూనె పడిన ఆ నూనె పోయరాదు. పలకలు ఎంత పట్టవలెనో, ఎంత జారవలెనో నూనె గుణమును బట్టి యుండును. ఆ గుణమునకై 1970ల ఆరంభము వరకు తిమింగలముల తైలమును గూడ కలిపెడివారు. ఆ జాతులకు అమెరికాలో చట్టరక్షణ కలిగిన పిమ్మట వేరు పదార్థములను కనుగొనిరి. బండితో వచ్చు పుస్తకములో చెప్పిన రకమునే వాడవలెను. ఇంజనును ఆపి చూడవలసిన బండ్లును, డిప్‌స్టిక్కు లేని క్రొత్త ట్రక్కులును గలవు. వాని విషయమునను ఆ పుస్తకమే ప్రమాణము.

తుదకు ఒక మాట. ఈ నూనె పెట్రోలువలె మండి ఖర్చగునది కాదు. తగ్గినదన్నచో ఎచటనో కారుచున్నదని యర్థము. నూనె పోసి ఊరకుండక, కారుచోటును వెదకి బాగుచేయించినప్పుడే పని పూర్తియగును.