నిద్రించు వైరస్‌ను లేపు ప్రోటీన్

ఆఫ్రికా బాలుర దవుడలపై లేచు బర్కిట్ కణితిలో 1964లో లండన్ శాస్త్రజ్ఞులు ఎప్‌స్టీన్, అచాంగ్, బార్ ఒక వైరస్‌ను కనుగొనిరి. లోకమున పెద్దలలో నూటికి తొంబదిమందిలో అది కలదు, తెల్లకణములలో నిద్రించుచుండును. దానిని లేపునదేది?

1982లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో బౌవర్ బృందము వెదకిన దోషి ఎదుటనే ఉన్నది: సీసాలలోని కణములకు ఆహారముగా పోయు పశురక్తపు సీరము! అయితే సీరములో ప్రోటీనులు అసంఖ్యాకములు. అందు ఏది? సీరమును భాగములుగా విడదీసి, ఒక్కొక్కదానిని కణములపై వేసి చూడవలెను. వైరస్ ప్రోటీనులు పుట్టించిన భాగమును ఉంచుకొని, తక్కినవి విడిచి, దానిని మరల విడదీయవలెను. మా ఇండ్లలో బియ్యము చెరుగునపుడు రాయి కంటికి కనబడును. ఇచట కణము పలికినదే సాక్ష్యము. ఇట్లు శుద్ధమైన ప్రోటీన్ చేతికందినది.

అట్టిదే ప్లేట్‌లెట్లలోను కలదని 1985లో తేలినది. సీరము గడ్డకట్టిన రక్తమునుండి వచ్చునది గదా. గడ్డకట్టునపుడు ప్లేట్‌లెట్లు తమ సరకును విడుచును. గాయము మాన్పుటలో పాల్గొను టీజీఎఫ్-బీటా యను ప్లేట్‌లెట్ల ప్రోటీన్ ఈ వైరస్‌ను లేపునని తరువాతి పరిశోధనలు చూపినవి. వింతయేమనగా, అదియు వేరొక ప్రోటీన్ ముసుగులో నిద్రించునదే. ఆమ్లము తగిలిన మేల్కొనును.

దేహములోను ఇట్లే జరుగుననుటకు మాత్రము సీసాలోని సాక్ష్యము చాలదు.