ప్రాణహిత అవతలి పూసల లెక్క

మీకు తెలుసా? ఆస్పత్రిలో కాన్పై ఇంటికొచ్చిన తల్లీబిడ్డలను చూడటానికి ఆశా కార్యకర్త ఆరుసార్లు గడప తొక్కాలి. 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో. ఇంట్లోనే పురుడు పోసుకుంటే మొదటి రోజుతో కలిపి ఏడుసార్లు. దేశమంతటికీ 2011లో వచ్చిన ఈ పద్ధతికి మూలం మనకు కూతవేటు దూరంలోనే ఉంది. ప్రాణహిత నది దాటితే వచ్చే గడ్చిరోలి జిల్లా అది. మహారాష్ట్రే అయినా సిరొంచ వైపు ఊళ్లలో తెలుగు బాగానే వినిపిస్తుంది.

అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో ప్రజారోగ్యం చదువుకున్న డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 1980ల్లో ఇక్కడికొచ్చి ‘సెర్చ్’ సంస్థ పెట్టారు. అప్పట్లో అక్కడ పసిపిల్లల్ని న్యుమోనియా మింగేస్తుండేది. దాన్ని పసిగట్టాలంటే బిడ్డ నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టాలి. మంత్రసానులకేమో అంత లెక్క రాదు. అప్పుడు తయారైందే ఓ చిన్న పరికరం. ఒక నిమిషం ఇసుక గడియారం, పక్కన పూసల వరుసలు. ఇసుక జారుతుండగా పది ఊపిరులకో పూస జరపాలి. రెండు నెలల లోపు బిడ్డకైతే ఆరోది ఎర్రపూస. అక్కడికి చేరిందంటే మందు మొదలుపెట్టాల్సిందే. అరవై దాకా లెక్క రాకపోయినా రోగం దొరికిపోతుంది. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి!

ఆ తర్వాత 39 ఊళ్లలో కాస్తో కూస్తో చదువుకున్న ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చారు. బిడ్డను తూచడం, వెచ్చగా ఉంచడం, తల్లిపాలు పట్టించడం, ఒంట్లో ఇన్ఫెక్షన్ లక్షణాలుంటే ఇంటి దగ్గరే ఇంజెక్షన్ ఇవ్వడం, అన్నీ వాళ్లే. మూడేళ్లు తిరిగేసరికి నెలలోపు పిల్లల మరణాలు 62 శాతం తగ్గాయి. 1999లో లాన్సెట్ పత్రిక ఈ ఫలితాలను అచ్చువేసింది.

ఇప్పుడు మన ఇంటికొచ్చే ఆశమ్మ చేతిలోని ఫారం ఆ అనుభవంలోంచి వచ్చిందే. అందులో బిడ్డ సంగతులే కాదు, తల్లివీ ఉంటాయి. రోజుకు ఐదు ప్యాడ్ల కన్నా ఎక్కువ మారుస్తోందా? అయితే ఆస్పత్రికి పంపాలి. కడుపునిండా ఎన్నిసార్లు తింటోంది? నాలుగుసార్లకు తగ్గితే ఇంట్లోవాళ్లకు గట్టిగా చెప్పాలి. ఈ రెండో ప్రశ్న మన అమ్మమ్మలు వినాల్సింది. పథ్యం పేరుతో బాలింతకు రెండు పూటలు కారప్పొడి అన్నం, గుక్కెడు నీళ్లతో సరిపెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. చెవుల్లో దూది పెట్టండి, తలకు గుడ్డ కట్టండి, వెల్లుల్లి కారం కలపండి. అభ్యంతరం లేదు. పాలిచ్చే తల్లిని ఆకలితో, దాహంతో ఉంచడం మాత్రం పథ్యం కాదు, పొరపాటు.

అన్నట్టు, ఇన్ని రాకపోకలకూ కలిపి ఆశాకు మొదట్లో ఖరారు చేసిన ప్రోత్సాహకం ఒక్కో బిడ్డకు 250 రూపాయలు. ఆమె వస్తే గుమ్మంలోంచే పంపేయకండి. బిడ్డను ఒడిలో పెట్టి చూపించండి. పాలు తాగడం మానేసినా, అరికాళ్లు చల్లబడినా, డొక్కలు ఎగరేస్తున్నా, ఊపిరి నిమిషానికి అరవైకి చేరినా ఆమె వచ్చే రోజు దాకా ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.