రాత్రికి పడవ ఆగేదెలా? లంగరా, బంతా?

అమెరికాలోని మనవాళ్లు కొందరు సెలవులకి బ్రిటిష్ వర్జిన్ దీవుల్లో తెరచాప పడవ అద్దెకి తీసుకుంటారు. మిమ్మల్నీ రమ్మంటే ఇది తెలుసుకోండి. రాత్రి పడవ కొట్టుకుపోకుండా ఉండడానికి రెండు దారులున్నాయి.

ఒకటి, సముద్రం అడుగున బిగించి నీటిపై తేలేలా ఉంచిన బంతి. గుంజకి ఆవుని కట్టినట్టు దానికి పడవని కట్టేయడమే. రాత్రికి సాధారణంగా డబ్బు కట్టాలి, ఆలస్యమైతే దొరకదు. రెండోది లంగరు. దీనికి ఖర్చు తక్కువే, కానీ ఇసుకలోనే వేయాలి. పగడాల మీద వేస్తే అవి విరిగిపోతాయి. పడవ ముక్కు నుంచి అడుగుకి 5 మీటర్లుంటే కనీసం 25 మీటర్ల గొలుసు వదలాలి.

ఏదైనా సరే, చీకటి పడకముందే ఈత వచ్చినవాళ్లు దిగి చూడాలి. బంతి తాడు నలిగిందా? లంగరు ఇసుకలో దిగబడిందా? పట్టు తప్పితే పడవ రాళ్లమీదికే పోతుంది. లోపల నిద్రపోయేది మన పిల్లలే కదా!