ఈ-రీడరును టాబ్లెట్టును: తెలుగు గ్రంథపఠనము

తాండూరు చెంతనున్న బషీరాబాదు వంటి యూళ్లలోని పాఠశాలాపండితునకు, హైదరాబాదు పుస్తకశాలలకు బోకయే ప్రాచీనగ్రంథములను జూచుటకు నేడు విద్యుద్యంత్రములు తోడ్పడుచున్నవి. అట్టివానికి బఠనమునకే యేర్పడిన ఈ-రీడరు మేలా, బహుకార్యసాధకమగు టాబ్లెట్టు మేలా యనునది విచారణీయము.

ఈ-రీడరు తెరలో నతిసూక్ష్మములగు గుళికలు గలవు. వానియందలి తెల్లని, నల్లని రేణువులు విద్యుత్ప్రేరణచే గదలి యక్షరముల నేర్పరచును. ఈ తెర కాగితమువలె బయటి వెలుతురునే ప్రతిఫలింపజేయును గాన, మధ్యాహ్నపుటెండలో నాపరాతి యరుగుపై గూర్చుండి చదివినను నక్షరములు స్పష్టముగా గానవచ్చును. ముఖ్యముగా బుట మారునపుడే విద్యుత్తు వ్యయమగుటచే బ్యాటరీ వారములకొలది నిలుచును. టాబ్లెట్టు తెర స్వయముగా వెలుగునది, ఎండలో వెలవెలబోవును.

ఇట్లయ్యును లోకమున టాబ్లెట్టునకే ప్రచార మధికము. సోనీవారి లిబ్రియే జపానులో 2004లోను, అమెజానువారి కిండిల్ 2007లోను వెలువడెను. 2010లో ఐప్యాడు వచ్చిన పిమ్మట, చదువుటయే గాక చిత్రములు చూచుట, లేఖలు వ్రాయుట మొదలగు పనులన్నియు నొక్కదానియందే కుదిరెను. 2012లో ఈ-రీడరుల యమ్మకము తగ్గెను. 2014లో సోనీవారు వాని వ్యాపారమునే విడిచిరి.

తెలుగువారికి వేరొక కారణమును గలదు. 2016 డిసెంబరులో కిండిల్ పుస్తకములలో హిందీ, తమిళము, మరాఠీ, గుజరాతీ, మలయాళము చేర్పబడెను. అం దప్పుడు తెలుగు లేదు. మన ప్రాచీనగ్రంథములలో బెక్కింటికి నేడు లభించునవి పుటల ఛాయాచిత్రములు మాత్రమే. అక్షరరూపమున నున్న పుస్తకమైనచో నక్షరములను బెద్దవి చేసినంతనే పంక్తులు తెరకు దగినట్లు తిరిగి యమరును. ఛాయాచిత్రమున కా సౌకర్యము లేదు. 1885 నాటి శబ్దరత్నాకరము పుట నాఱంగుళముల ఈ-రీడరులో జూచినచో నక్షరములు చీమలబారువలె దోచును. పెంచినచో బంక్తి తుద తెర దాటిపోవును. పదియంగుళముల టాబ్లెట్టునందు బుట యంతయు నొక్కచూపున జదువనగును.

కావున నిచ్చట టాబ్లెట్టు గెలుపునకు యంత్రగుణముకంటె మన గ్రంథముల స్థితియే హేతువు. తెలుగులిపికి యూనికోడులో 1991లోనే స్థానము లభించినది. వికీసోర్సులో బలువురు ప్రాచీనగ్రంథముల నక్షరరూపమునకు దెచ్చుచున్నారు. యంత్రము పుటను జదివి యక్షరముల నీయగలదు గాని, యరసున్నలను, శకటరేఫలను, ఛందోభంగములను సరిచూచుట పండితుల పని. వా రా పనికి బూనుకొనినంతమేర కన్నులకు హితమగు ఈ-రీడరు మనకును బనికివచ్చును. అందాక టాబ్లెట్టే శరణ్యము.