నూటికి పదిహేను మంది కోసం

వంద మంది గర్భిణుల్లో సుమారు 85 మందికి కాన్పు దానంతటదే జరిగిపోతుంది. పక్కన ఓపికా నేర్పూ ఉన్న నర్సమ్మ ఉంటే చాలు. మిగతా 15 మందికి ప్రాణం మీదికి తేగల చిక్కు ఏదో ఒకటి ఎదురవుతుంది. గైనకాలజిస్టు, అంటే ప్రసూతి, స్త్రీవ్యాధుల నిపుణురాలు, తప్పనిసరయ్యేది వారికే. ఆ 15 మంది ఎవరో ముందుగా పూర్తిగా తెలియదు. తెలిస్తే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు.

చిక్కుల్లో అన్నిటికంటే తొందరపెట్టేది రక్తస్రావం. మాయ పడ్డాక గర్భసంచి గట్టిగా ముడుచుకోవాలి. అప్పుడే అక్కడి రక్తనాళాలు మూసుకుంటాయి. అది సడలిపోయి ఉంటే, చికిత్స అందని తల్లి రెండు గంటల్లోనే చనిపోవచ్చు. దీనికి మొదటి మందు ఆక్సిటోసిన్ ఇంజెక్షన్. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య దాచాలి. అంటే ఫ్రిజ్ కావాలి, ఫ్రిజ్‌కు కరెంటు కావాలి. ప్రసూతి వైద్యంలో లైన్‌మన్‌కూ భాగముంది.

ఇప్పుడు ఆ రెండు గంటలను పటం మీద పెట్టి చూద్దాం. తెలంగాణలోని చర్ల, దుమ్ముగూడెం మండలాల అడవి అంచున గుత్తికోయ ఆదివాసీల గూడేలున్నాయి. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకూ ప్రభుత్వ పక్షానికీ మధ్య రేగిన హింస నుంచి తప్పించుకుని వచ్చినవాళ్లు కట్టుకున్నవి వాటిలో చాలా. కొన్నిటికి బండి దారి లేదు. నొప్పులు మొదలైతే మంచాన్ని కర్రకు కట్టి, రోడ్డు దాకా మోస్తారు. 108 అంబులెన్స్ లెక్క అక్కడి నుంచి మొదలవుతుంది. నొప్పుల లెక్క అంతకు చాలా ముందే మొదలై ఉంటుంది.

ఆ బండి చేరేది భద్రాచలం ఏరియా ఆసుపత్రికి. ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు వైపు నుంచీ, ఛత్తీస్‌గఢ్‌లోని కుంట వైపు నుంచీ కూడా గర్భిణులు ఇక్కడికి వస్తారు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు చుట్టుపక్కల కొన్ని మండలాలు ఆంధ్రకు వెళ్లాయి, పట్టణం తెలంగాణలో మిగిలింది. నొప్పులకు పునర్విభజన చట్టం వర్తించదు కాబట్టి వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు.

గోదావరి సంగతి వేరు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. ఇంకా పెద్ద ఆసుపత్రులున్న కొత్తగూడెం, ఖమ్మం అవతలి ఒడ్డున ఉన్నాయి. వానాకాలంలో కాన్పు తేదీ ఉన్నవారెవరో ముందే రాసిపెట్టుకోవడం ఇక్కడ వైద్యంలో భాగమే.

తల్లుల మరణాల వెనుక మూడు ఆలస్యాలుంటాయని 1994లో థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు వివరించారు: ఇంట్లో తేల్చుకోవడంలో ఒకటి, దారిలో ఒకటి, ఆసుపత్రి చేరాక ఒకటి. మొదటిదానికి గర్భిణిని తప్పుపడతాం, రెండోదానికి రోడ్డును. మూడోదానికి విచారణకు ఆదేశిస్తాం.

ఆ మూడోదే కాస్త నిదానంగా చూడాలి. సిజేరియన్‌కు కోసే వైద్యురాలొక్కరే చాలరు. మత్తు డాక్టరు కావాలి, గ్రూపు కలిసిన రక్తం కావాలి, బిడ్డను చూసే పిల్లల డాక్టరు కావాలి. ఒక్కటి లేకపోతే మిగతా అందరూ కలిసి చేయగలిగింది రెఫర్ చీటీ రాయడమే. 2021–22 కేంద్ర గణాంకాల ప్రకారం దేశంలోని గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఉండాల్సిన ప్రసూతి నిపుణుల్లో 74 శాతం మంది లేరు. ఒక్కరే ఉన్నచోట ఆమె డ్యూటీ 24 గంటలు. అలాంటి ఉద్యోగానికి దరఖాస్తులు రావడం లేదేమని ఆశ్చర్యపోవడానికి మాత్రం సిబ్బంది కొరత లేదు.

ఇదే రాష్ట్రంలో మరో లెక్క ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం. జనాభా మొత్తం మీద ఈ కోతలు 10 శాతం దాటాక మరణాలు ఇంకా తగ్గుతున్న దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఈ కోతల్లో కొన్ని ముహూర్తాలవి. పంతులుగారు గంటా నిమిషమూ రాసిస్తారు, డాక్టరుగారు పాటిస్తారు. బిడ్డ అభిప్రాయం ఎవరూ అడగరు; పుట్టగానే అది గట్టిగానే చెబుతుంది. నిపుణులు తక్కువన్నది నిజమే కానీ, ఉన్నవారి సమయం దేనికి ఖర్చవుతోందో కూడా చూడాలి.

అదే సర్వేలో రాష్ట్రంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 8 శాతం మంది గర్భసంచి తీయించుకున్నవారు. దేశం మొత్తానికి ఇది 3 శాతం చిల్లర. మరోవైపు, రాష్ట్రంలోని గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవారు. రక్తం తక్కువున్న తల్లికి రక్తస్రావమైతే, మొదట చెప్పిన ఆ రెండు గంటలు కూడా దక్కవు. ఆమెకు ఇనుము మాత్రలు నాలుగో నెల నుంచే మింగించడం ఆపరేషన్ కంటే చవక, అందుకే కాబోలు పెద్దగా వార్త కాదు.

మామూలు కాన్పులను మిడ్‌వైఫ్‌కు, అంటే అందులో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సుకు, అప్పగిస్తే నిపుణురాలి చేతులు ఆ 15 మందికి మిగులుతాయి. తెలంగాణ 2017లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్ తోడ్పాటుతో ఈ శిక్షణ మొదలుపెట్టింది. దూరానికి మరో ఉపాయముంది: ఉత్తరాంధ్రలోని సాలూరులో పార్వతీపురం ఐటీడీఏ, అంటే గిరిజనాభివృద్ధి సంస్థ, పెట్టినట్టు, కొండ ఊళ్ల గర్భిణులను కాన్పు తేదీకి ముందే తెచ్చి ఉంచే వసతి గృహం. తిండీ మంచమూ ప్రభుత్వం ఇవ్వగలదు. పెద్దపిల్లను ఎవరు చూస్తారు, మేకలను ఎవరు తోలుతారు, పోడులో కలుపు ఎవరు తీస్తారు అన్నవి ఏ శాఖ కిందికీ రావు. ఆమె రానంటే చాలాసార్లు కారణాలు అవే.